ఒడ్డు మాట, పడవ మాట

10, శుక్రవారం

రేపు తెల్లవారగానే బయలుదేరుతున్నాం. తొమ్మిది రోజులు. పడవ పొడవు ఇరవై ఆరు అడుగులు. మనుషులం నలుగురం: నాన్న, అమ్మ, చెల్లి, నేను.

కాగితం మీద సంతకం ఇంకా పడలేదు.

భాషా విభాగంలో సీటు ఇస్తున్నామనీ, హాస్టల్లో చేరడానికి తండ్రి అంగీకారం కావాలనీ కాలేజీవాళ్ళు రాశారు. ఇరవయ్యో తేదీకల్లా కవరు మీద తపాలా ముద్ర పడాలి. మేము తిరిగొచ్చేది పంతొమ్మిదిన. నాలుగు రోజులుగా భోజనాల బల్ల మీద, నాన్న కంచం పక్కన ఆ కాగితం పెడుతున్నాను. నాలుగు రోజులుగా ఆయన దాని మీద నీళ్ళ గ్లాసు పెడుతున్నాడు. ఇప్పుడు దాని మీద నాలుగు గుండ్రటి మరకలున్నాయి.

అడిగితే, "పడవ దిగాక చూద్దాంలే" అన్నాడు.

అమ్మను అడిగాను. "ఆయన్ని కాదని నేను పెట్టను. ఆయనతోనే పెట్టించుకో" అంది.

నాన్నకు నేను వెళ్ళడం ఇష్టం లేదు. అంతే. తెరచాపలు కుట్టే పనిలో నన్ను అట్టేపెట్టుకోవాలని చూస్తున్నాడు. లేకపోతే, ఏడాదిగా రోజూ పొద్దున్నే ఇరవై నాలుగు సూదుల్లో నాచేత దారం ఎక్కించడం దేనికి? ఇదివరకు ఆయనే ఎక్కించుకునేవాడు. ఇప్పుడు నేను మైనం పట్టించిన దారం ఎక్కించి, అన్నీ ఆయన సూదుల దిండుకు వరసగా గుచ్చి బడికి పోతున్నాను. పని మప్పడం అంటే ఇదే కాబోలు.

(మప్పడం, అంటే అలవాటు చేయడం. మంచి మాట. పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను.)

11, శనివారం

రేవు దాటగానే నియమం అమల్లోకి వచ్చింది.

పడవలో ఒడ్డు మాటలు మాట్లాడకూడదు. ఒడ్డున పడవ మాటలు మాట్లాడకూడదు. తప్పినవాళ్ళు ఆ రోజు గిన్నెలన్నీ తోమాలి. మొదటి సగం నాన్న పెట్టింది. నేను పుట్టకముందు ఒకసారి అమ్మ పడవలో కూర్చుని మూడు రోజులపాటు మా మేనత్త గురించే మాట్లాడిందట. రెండో సగం అమ్మ పెట్టింది. తర్వాత దిగిన ఒడ్డు మీద నాన్న తాళ్ళ గురించీ ముడుల గురించీ తప్ప నోరెత్తలేదట. "మీకో నియమం ఉంటే నాకూ ఒకటుంటుంది" అందట అమ్మ. ఇన్నేళ్ళలో ఆ నియమం ఒక్కసారి కూడా సడలలేదు. ఇప్పుడు దానికి కాపలా చెల్లి. పదేళ్ళ మనిషికి అంత అధికారం ఇవ్వకూడదు.

కాగితం ఒడ్డు మాట. కాబట్టి తొమ్మిది రోజులు దాని ఊసు ఎత్తకూడదు. నాన్న ఈ ప్రయాణం ఎందుకు పెట్టాడో ఇప్పుడు అర్థమైంది.

ఒక్క ఆశ ఉంది. బుధవారం దీవి దగ్గర ఆగుతాం. దీవి అంటే ఒడ్డే.

12, ఆదివారం

నేను పడుకునే చోటు పడవ ముక్కులో ఉంది. పడుకుంటే నా ముక్కుకీ పైకప్పుకీ మధ్య జానెడు. చెల్లి పాదాలు నా చెవి దగ్గర.

పొద్దున నాన్న చుక్కాని పట్టుకుని, సముద్ర పటం నా ఒళ్ళో పెట్టాడు. "నువ్వు చదువు. నీ గొంతు బాగుంటుంది" అన్నాడు. చదివాను. లోతు ఆరు. లోతు నాలుగు. ఇసుక. మునిగిన రాయి. లోతు తొమ్మిది. ఎవరూ అందం కోసం రాయని మాటలు ఎంత బాగుంటాయో. నాన్న తల కాస్త పక్కకు తిప్పి, శ్రద్ధగా విన్నాడు. రెండోసారి కూడా చదివించుకున్నాడు. కోపంలో ఉండి కూడా, నాకు సంతోషం వేసింది.

తర్వాత బోయాల ఆట. నీళ్ళలో తేలే గుర్తు దూరంగా కనబడగానే ఎర్రదో పచ్చదో ముందుగా చెప్పినవాళ్ళకు బిస్కెట్టు. చెల్లికి ఆరు, నాకు రెండు. నాన్న మాత్రం ఆడడు. పంచేవాడు ఆడకూడదట.

13, సోమవారం

"హాస్టల్లో" అనే మాట వరకు వచ్చాను. "ఒడ్డు మాట! ఒడ్డు మాట!" అని చెల్లి గంతులేసింది. ఉప్పునీళ్ళతో పదకొండు గిన్నెలు తోమాను.

14, మంగళవారం

వాన. రోజంతా నలుగురం లోపలే. కిటికీలు అరచేయంత. ఎవరైనా లేవాలంటే మిగతా ముగ్గురూ కాళ్ళు ముడుచుకోవాలి. అలిగి వెళ్ళిపోవడానికి తలుపు లేదు. ఉన్నది ఒక్క తెర, అది కూడా మరుగుదొడ్డికి. అందులో కూర్చుని అలిగాను. పది నిమిషాలకు చెల్లి వచ్చి, "అక్కా, నీ కోపం అయిపోతే నాకు అర్జెంటు" అంది.

నాన్న చిరిగిన తెరచాప ఒళ్ళో వేసుకుని కుడుతున్నాడు. చూపు గోడ మీద. ఎడమ వేళ్ళు ముందు నడుస్తుంటే సూది వాటి వెనకే పోతోంది. చూడకుండానే కుడుతున్నాడు! ముప్పై ఏళ్ళ పనితనం అంటే అది. నేను ముప్పై ఏళ్ళు మా ఇంటి కింది దుకాణంలో ఆ నేల మీద కూర్చోలేను. కూర్చోను.

టీ పోస్తూ వేలు కాల్చుకున్నాడు. అమ్మ కెటిల్ అందుకుంది.

అమ్మ బళ్ళో లెక్కలు చెబుతుంది. రేపటి ఆటుపోట్ల వేళలు పట్టిక చూసి ఒక కాగితం మీద రాసి, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. దాన్ని నాన్నకివ్వకుండా నా సంచిలో వేసింది.

"నాకెందుకు?"

"నీ దగ్గరుండనీ."

ఈ మధ్య ఒక మాట దొరికింది: తటస్థం. దాని అసలర్థం ఒడ్డున నిలబడడమట. అమ్మ పడవలో కూర్చుని కూడా ఒడ్డునే నిలబడుతుంది.

15, బుధవారం, ఉదయం

దిగుతున్నాం. కాలేజీ కాగితం కూడా ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి సంచిలో వేసుకున్నాను. కాలు ఇసుక మీద పడగానే మాట్లాడతాను.

మాట్లాడతాను.

16, గురువారం

నిన్న రాయలేదు. ఇప్పుడు వరసగా రాస్తాను.

లంగరు వేసి, చిన్న పడవలో ఒడ్డుకు చేరి, దాన్ని పైకి లాగి రాయికి కట్టాం. తొమ్మిది గంటలైంది. కొండ మీద పాడుబడిన దీపస్తంభం ఉంది. అక్కడికి కాలిబాట. బాట పొడుగునా రాళ్ళ మీద పసుపు రంగు చుక్కలు పెట్టారు. ఎప్పటిలాగే నాన్న ముందు, వెనక చెల్లి, ఆ వెనక అమ్మ, చివర నేను.

ఇసుక మీద మాట్లాడలేదు. ఎక్కేటప్పుడు ఆయాసం. పైకెక్కాక "నాన్నా" అన్నాను. "ఎంత గాలో చూడు" అన్నాడాయన. ఆ తర్వాత రొట్టెలు తిన్నాం. ఆ తర్వాత "దిగుదాం, ఎండెక్కుతోంది" అన్నాడు. నేను కాగితం ఊసే ఎత్తలేదు. ఎందుకో తెలియదు. ఐదు రోజులుగా వాక్యాలు పేర్చుకుంటున్నదాన్ని.

సగం దిగాక బాట చీలింది. పసుపు చుక్క ఎడమ వైపు రాయి మీద ఉంది, పళ్ళెమంత. నాన్న కుడి వైపు తిరిగాడు.

"నాన్నా, చుక్క ఇటుంది" అంది చెల్లి.

"ఇది దగ్గర దారి."

నేనూ చూశాను. దారి తప్పనీ, అలసిపోనీ, అనుకున్నాను. అవును, అనుకున్నాను. ఇక్కడ అబద్ధం రాసి లాభమేముంది?

దారి గులకరాళ్ళుగా మారింది. అమ్మ జారి కూలబడింది, చీలమండ మడతపడింది. ఆమెను నేనూ చెల్లీ పట్టుకుని కిందికి దించాం. దిగిన చోట ఇసుక కాస్తే ఉంది, రెండు పక్కలా కొండరాళ్ళు. రాళ్ళ మొదట్లో తడి ఇసుక మీదుగా చుట్టి వెళ్తే మా పడవ ఉన్న వైపుకు చేరతాం. నడవడం మొదలుపెట్టాం. అమ్మ కుంటుతూ.

సముద్రం దగ్గరవుతోంది. నాకు కనబడుతోంది. అమ్మకూ కనబడుతోంది. చెల్లి నా చొక్కా లాగి చెవిలో అడిగింది: "అక్కా, పోటు వస్తోందని చెప్తే అది పడవ మాటేగా? గిన్నెలు నేనే తోమాలా?"

"నాన్నకు తెలుసులే" అన్నాను. నాన్నకు తెలియని సముద్రమా.

నాన్నకు తెలుసని అమ్మ కూడా అనుకుందట. చెప్పాల్సి వస్తే మేము చెబుతామని నాన్న అనుకున్నాడట. నలుగురం నోళ్ళు మూసుకుని, నియమం తప్పకుండా, నీళ్ళలోకి నడిచాం.

ముందున్న రాయి చుట్టూ నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, కాసేపటికి నడుము దాకా. వెనక్కి తిరిగితే అక్కడా అంతే. ఒక రాతి బల్ల మీదికి ఎక్కాం. మా వంటగదిలో సగం ఉంటుంది. వెనక నిలువు గోడలాంటి కొండ, ముందు సముద్రం. పన్నెండూ నలభై ఐదు. సీసాలో సగం నీళ్ళు, నాలుగు బిస్కెట్లు.

పడవలోనైనా తెర ఉంది.

నేను అన్నాను: "నాన్నా, ఇది ఒడ్డేనా?"

"ఒడ్డే. ఏం?"

"మాట్లాడొచ్చా?"

"మాట్లాడు. ఇక్కణ్ణించి నేనెక్కడికి పోతాను?"

సంచిలో చెయ్యి పెట్టి, కవరు లాగి ఆయన చేతిలో పెట్టాను. నేను పేర్చుకున్న వాక్యాలేవీ రాలేదు. "సంతకమన్నా చెయ్యి, చెయ్యనని అన్నా చెప్పు. రెండిట్లో ఒకటి. రోజూ దాని మీద గ్లాసు పెట్టకు" అన్నాను. అరిచాననుకుంటాను.

నాన్న కవరు పట్టుకుని, తల కాస్త పక్కకు తిప్పి, చాలాసేపు చూశాడు. పెదవులు కూడా కదిలాయి.

"చదివాను. హాస్టలు గురించి వివరంగానే రాశారు. మంచి కాలేజీలాగే ఉంది. నిదానంగా ఆలోచిద్దాం."

చెల్లి ఆయన భుజం మీదుగా తొంగి చూసింది. "నాన్నా, అది అమ్మ రాసిన పోటు కాగితం!" అంది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో. పడవ మాట."

"గిన్నెలు నీవే!" అని నాన్న నవ్వాడు.

ఇంకెవరూ నవ్వలేదు. ఆయన నవ్వు ఒక్కటే ఆ రాళ్ళ మధ్య కాసేపు తిరిగి ఆగిపోయింది.

కాగితం మీద అమ్మ లావుపాటి అంకెలు. ఆటు 9.40. పోటు 3.50. మధ్యాహ్నం నుంచి మాకు కావలసింది అదే. నా వీపు మీదే ఉంది.

"ఎంత కనబడుతుంది?" అని అడిగింది అమ్మ. ఉప్పు ఎంత వేశావని అడిగినట్టు.

నాన్న టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అంచులు కనబడతాయి. మధ్యలోదే... తెరచాప మీద సుద్దతో గీత గీసి, తప్పయితే చేత్తో రుద్దేస్తానే, అలాగ. నీ చెవులు కనబడుతున్నాయి. మొహం లేదు."

"ఎప్పట్నుంచి?"

"ఏడాది పైనే."

"డాక్టరు దగ్గరికి ఒక్కరే పోయారా?"

"తాళ్ళు తెస్తానని వెళ్ళానే, ఆ రోజు. పోయింది తిరిగి రాదన్నాడు. ఉన్నది కొన్నాళ్ళు ఉంటుందన్నాడు."

"కప్పులో వేలు ముంచి టీ ఎందుకు పోస్తున్నారో నాకు తెలీదనుకున్నారా? మీరే చెప్తారని చూస్తున్నాను. ఏడాది నుంచి చూస్తున్నాను."

"ఎక్కడ చెప్పమంటావు? పడవలో అది ఒడ్డు మాట."

"ఇంట్లో చెప్పొచ్చుగా!"

"ఇంట్లో సూదుల్లో దారం ఉంటోందిగా" అన్నాడు నాన్న.

ఆ మాట నా వైపు చూసి అనలేదు. చూసినా నా చెవులే చూసేవాడు.

ఇక్కడ పెద్ద మాట ఏదైనా రాయాలని అరగంటగా కూర్చున్నాను. ఏదీ సరిపోవడం లేదు. మామూలుగా రాస్తాను. ఇష్టం లేదనే నాన్నతో పోట్లాడగలను. ఐదు రోజులుగా మనసులో పోట్లాడుతూనే ఉన్నాను, గెలుస్తూనే ఉన్నాను. కనబడని నాన్నతో ఎలా పోట్లాడాలి? రాతి బల్ల ఇంకా చిన్నదైనట్టు అనిపించింది. నీళ్ళు అంచుకు రెండు జానల కిందిదాకా వచ్చి ఆగి, అక్కడే నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి.

"అసలు కాగితం తియ్యి" అన్నాడు నాన్న. "చదువు. నీ గొంతు బాగుంటుంది."

చదివాను. నా కుమార్తె మూడు సంవత్సరాలపాటు ఇంటికి దూరంగా ఉండి చదువుకోవడానికి అంగీకరిస్తున్నాను. అక్కడ గొంతు బాగా లేదు.

"చివరి తేదీ?"

"ఇరవై."

ఆయన తలూపాడు. అంతే. అవునని కాదు, కాదని కాదు. మళ్ళీ అడిగే ధైర్యం నాకు లేదు. చెల్లి బిస్కెట్లు పంచింది, తలా ఒకటి, బోయా చూపించకుండానే. అమ్మ కాలు నాన్న ఒళ్ళో పెట్టుకుని, రుమాలు తడిపి కట్టాడు. ముడి మాత్రం చక్కగా వేశాడు.

ఏడు గంటలవుతుండగా నీళ్ళు వెనక్కి తగ్గాయి. తడి రాళ్ళు పట్టుకుని, అమ్మను మధ్యలో పెట్టుకుని, చుట్టి వచ్చాం. ఈసారి ముందు చెల్లి నడిచింది. "ఇక్కడ గుంట. ఇక్కడ నాచు. ఇక్కడ గట్టి ఇసుక." ఆ వెనకే నాన్న.

చిన్న పడవను నీళ్ళలోకి తోశాం. నాన్న ఒక కాలు ఎత్తాడు.

"నాన్నా ఆగు. ఎక్కావంటే ఒడ్డు మాట అయిపోతుంది" అంది చెల్లి. "అక్క కాగితం."

ఆయన కాలు దించాడు. చీలమండల దాకా నీళ్ళలో నిలబడ్డాడు. "ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

ఇక్కడ, అని చూపించాను. వెంటనే నాకే సిగ్గేసింది. ఆయన టోపీకి ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది. దాన్ని తీశాను. తెడ్డు వెడల్పు భాగం మీద కాగితం పరిచి, సంతకం పెట్టాల్సిన గీత పొడుగునా చుక్క చుక్కగా గుచ్చాను. పదకొండు రంధ్రాలు. నాన్న ఎడమ బొటనవేలితో తడిమి చూశాడు.

"కుట్టు సమానంగా లేదు" అన్నాడు. "నాలుగోది దూరం పోయింది."

ఆ రంధ్రాల మీద వేలు జరుపుతూ, దాని పక్కనే కలం నడుపుతూ సంతకం పెట్టాడు. ఒక్క అక్షరం కూడా కిందికి జారలేదు. తర్వాత పడవెక్కాడు. అందరం ఎక్కాం.

17, శుక్రవారం

ఇప్పుడు అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. పడవలో ఉన్నాం కదా.

18, శనివారం

ఊసుపోక చెల్లికి పటం చదవడం నేర్పాను. ఊరికే, ఆటగా. అంకెలంటే లోతులు, చుక్కలుంటే ఇసుక, చిన్న కొక్కెంలా ఉంటే లంగరు వేసే చోటు. తొందరగా పట్టేసింది. ఆటుపోట్ల పట్టిక కూడా చూపించాను. మధ్యాహ్నం దారం కూడా. మైనం పట్టించి, కొస నలిపి, మూడంచుల సూది వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి.

"ఇవన్నీ నాకెందుకు?" అంది. "నేను బోయాలు చూస్తా."

"నువ్వు చదివితే వినాలని ఉంటుంది. నీ గొంతు బాగుంటుంది."

"నిజంగానా?"

మొహం వెలిగిపోయింది. లోతు ఆరు, లోతు నాలుగు అని రాగం తీస్తూ చదివింది. చుక్కాని దగ్గర నాన్న తల పక్కకు తిప్పి విన్నాడు.

నిజంగానే దాని గొంతు బాగుంటుంది. ఊరికే అనలేదు.

19, ఆదివారం

రేవు చేరాం. నేల ఇంకా ఊగుతున్నట్టే ఉంది. నా గది తలుపు వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకున్నాను. తొమ్మిది రోజులు ఈ తలుపు కోసం ఎంత ఏడ్చానో. ఇప్పుడు దాని వెనక కూర్చుంటే, కింద దుకాణంలో నాన్న సూది తెరచాపలోంచి పోయే చప్పుడు వినబడుతోంది.

20, సోమవారం

పోస్టు చేశాను. ముద్ర పడేదాకా నిలబడి చూశాను. కవరు అతికించే ముందు ఒకసారి బొటనవేలితో తడిమాను. నాలుగోది నిజంగానే దూరం పోయింది.

21, మంగళవారం

అలవాటు కొద్దీ ఐదింటికే లేచి కిందికి వెళ్ళాను. దుకాణంలో దీపం అప్పటికే వెలుగుతోంది. చెక్క నేల మీద పరిచిన తెరచాప మధ్యలో చెల్లి కూర్చుని ఉంది, బడి బట్టల్లో, జడలు వేసుకోకుండా. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, సూదిని దీపానికి ఎదురుగా పట్టుకుంది.

"మాట్లాడకు. లెక్క తప్పుతుంది" అంది. "పదిహేడు."

దిండు మీద పదిహేడు సూదులు వరసగా ఉన్నాయి. నావి ఎప్పుడూ అంత తిన్నగా లేవు.

"నాన్న చెప్పాడా?"

"లేదు. నువ్వు వెళ్తున్నావుగా." పద్దెనిమిదోది గుచ్చింది. తర్వాత చెయ్యి ఆపింది. "అక్కా, నేను కాలేజీకి వెళ్ళేటప్పుడు వీటికి దారం ఎవరు ఎక్కిస్తారు?"

నియమం ప్రకారం అది ఒడ్డు మాటే. మేము ఒడ్డునే ఉన్నాం. మెట్ల మీద నాన్న అడుగులు వినబడ్డాయి. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగుతున్నాడు.

నేను దాని పక్కన కూర్చుని పంతొమ్మిదో సూది అందుకున్నాను.